నాలుగో అంతస్తు బకెట్ లెక్క

బేర్ సరాయ్‌లో మా గది నాలుగో అంతస్తులో ఉండేది. దాని పైన డాబా, డాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. స్నానాల గదిలో కుళాయి తిప్పితే పదిహేను లీటర్ల బకెట్ నిండడానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఇది చేతి గడియారం పెట్టి చూసిన లెక్క. ఆ అంతస్తులో ఆరుగురం ఉండేవాళ్లం, స్నానాల గది ఒక్కటే. పొద్దున ఏడింటికి తువ్వాలు భుజాన వేసుకుని వరసలో నిలబడితే ఎనిమిదిన్నర దాకా అదే పని. కింది అంతస్తు వాళ్లకు మాత్రం అదే ట్యాంకు నీళ్లు గట్టిగా దూకేవి.

కింద నీళ్లు ఎందుకు దూకుతాయో మా అందరికీ తెలుసు. పీడనం ద్రవస్తంభం ఎత్తును బట్టి ఉంటుందని పదో తరగతి లోపే చదివాం. పది మీటర్ల నీటి ఎత్తుకు దాదాపు ఒక వాతావరణ పీడనం. నేల అంతస్తు కుళాయికి ట్యాంకు పదిహేను మీటర్ల పైన ఉంది, మా కుళాయికి రెండే మీటర్లు. వాళ్లకు ఒకటిన్నర వాతావరణాలు అందితే మాకు అందులో ఏడో వంతు. ఇక్కడితో సమాధానం దొరికిందనుకుని ఊరుకున్నాం. కొన్ని నెలలు అలాగే గడిచాయి.

ఒక రాత్రి గేట్ పరీక్షకు పాత ప్రశ్నపత్రాలు చేస్తుంటే టోరిచెల్లి సూత్రం మీద ఒక లెక్క వచ్చింది. ట్యాంకు అడుగున రంధ్రం, నీటి మట్టం ఇంత, ఘర్షణను ఉపేక్షించండి, వేగం ఎంత? లెక్క చేశాక కలం ఆగిపోయింది. రెండు మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు సెకనుకు ఆరు మీటర్ల పైచిలుకు వేగంతో రావాలి. మా కుళాయి అరంగుళం గొట్టం. దాని అడ్డుకోత వైశాల్యంతో ఆ వేగాన్ని గుణిస్తే సెకనుకు ముప్పావు లీటరు దాటుతుంది. అంటే పదిహేను లీటర్ల బకెట్ పందొమ్మిది సెకన్లలో నిండాలి. మాకు పడుతున్నది రెండు వందల నలభై సెకన్లు.

ఎత్తు తక్కువ కాబట్టి నీళ్లు మెల్లగా వస్తాయన్న మా సమాధానం తప్పు కాదు. కానీ అది చాలదు. పన్నెండు రెట్లకు పైగా తేడాకు ఇంకేదో కారణం ఉంది, అది ఎత్తు కాదు. పుస్తకం ఉపేక్షించమన్నదే మా గొట్టంలో కూర్చుని ఉంది. మర్నాడు ఓనరుకు చెప్పి ప్లంబర్ని పిలిపించాం. ట్యాంకు దగ్గర వాల్వు సగమే తెరిచి ఉంది. దారిలో ఐదు ఎల్బోలు. కుళాయి విప్పి బోర్లించి తడితే తెల్లటి సున్నపు పెచ్చులు రాలాయి. ఢిల్లీ బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఏళ్ల తరబడి పేరుకుని నీళ్లు పారే దారిని సన్నం చేశాయి. గొట్టం వ్యాసం సగమైతే ప్రవాహం సగానికి తగ్గి ఆగదు, ఐదారో వంతుకో ఇంకా తక్కువకో పడిపోతుంది. వాల్వు పూర్తిగా తిప్పి కుళాయి శుభ్రం చేశాక బకెట్ ఒకటిన్నర నిమిషంలో నిండింది. ఆ వేళ నేను నేర్చుకున్నది టోరిచెల్లి సూత్రం కాదు, అది అంతకుముందే వచ్చు. సూత్రం చెప్పిన అంకెకూ కళ్లెదుట ఉన్న అంకెకూ మధ్య తేడా కనిపిస్తే, అసలు సమాచారం ఆ తేడాలోనే దొరుకుతుందని మొదటిసారి అర్థమైంది.

బేర్ సరాయ్ గురించి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. సరాయ్ అంటే బాటసారుల సత్రం. దక్షిణ ఢిల్లీలో ఈ పేరుతో ముగిసే పాత ఊళ్లు వరసగా ఉన్నాయి: బేర్ సరాయ్, జియా సరాయ్, కట్వారియా సరాయ్. నగరం వాటిని చుట్టేసినా సందులు మాత్రం ఊరి సందుల్లాగే మిగిలాయి. ఒకవైపు జేఎన్‌యూ పాత క్యాంపస్, మరోవైపు ఐఐటీ. మధ్యలో ఈ ఊరు పుస్తకాల దుకాణాలతో, జిరాక్స్ షాపులతో, అద్దె గదులతో నిండిపోయింది. సివిల్స్‌కీ గేట్‌కీ తయారయ్యే పిల్లలు దేశం నలుమూలల నుంచీ వస్తారు. వాళ్లలో మన రెండు రాష్ట్రాల పిల్లలు తక్కువేమీ కాదు. సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడితే తెలుగు మాట వినిపించకుండా ఉండదు. దేశమంతా చదివే భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలను తయారుచేసే ఎన్సీఈఆర్టీ ఇక్కడికి సుమారు రెండు కిలోమీటర్లు. 1961లో పుట్టిన సంస్థ అది. ఆ పుస్తకాలు, హెచ్.సి. వర్మ రెండు సంపుటాలు ఇక్కడ ఏ కొట్లోనైనా దొరుకుతాయి. అంటే పుస్తకం రాసేచోటు, అమ్మేచోటు, చదివేచోటు అన్నీ ఒక నడక దూరంలోనే. చదివేవాడి గదిలోకి మాత్రం ఆ పుస్తకం అడుగుపెట్టదు. నాకు ఇది చాలా బాధ కలిగించే సంగతి. ఈ అధ్యాయం రాయడానికి కారణం కూడా అదే.

ఇంటర్మీడియట్‌లో మనం చేసిన లెక్కలు గుర్తు చేసుకోండి. కావాల్సిన విలువలన్నీ ప్రశ్నలోనే ఇస్తారు. అక్కర్లేనిది ఒక్కటీ ఇవ్వరు. వేటిని వదిలేయాలో కూడా వాళ్లే చెబుతారు: తాడు ద్రవ్యరాశి శూన్యం, గాలి నిరోధం లేదు, తలం నునుపైనది. గదిలో ఎదురయ్యే సమస్య అలా రాదు. విలువలు మనమే కొలుచుకోవాలి, లేదా ఊహించుకోవాలి. దేన్ని వదిలేయవచ్చో, దేన్ని వదిలితే మునుగుతామో మనమే తేల్చుకోవాలి. భౌతికశాస్త్రంలో కష్టమైన పని అదే. మన చదువు ఆ పనిని ముందే చేసిపెట్టి, మిగిలిన గుణకార భాగాహారాలు మనకు అప్పగిస్తుంది.

ఈ పనిలో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీని మించినవాడు లేడంటారు. 1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణు పరీక్ష జరిగినప్పుడు ఆయన కొన్ని మైళ్ల దూరంలో నిలబడి, పేలుడు గాలి తాకే వేళకు చేతిలోని కాగితం ముక్కలు జారవిడిచాడు. అవి రెండున్నర మీటర్ల దూరం ఎగిరిపడ్డాయి. దాన్నిబట్టి పేలుడు పది వేల టన్నుల టీఎన్‌టీకి సమానమని అక్కడికక్కడే అంచనా వేశాడు. అసలు విలువ దానికి రెట్టింపు పైన తేలింది. కాగితం ముక్కలతో మూడు రెట్ల తేడాలోపు చెప్పగలగడం మామూలు సంగతి కాదు. మనకు అంత నేర్పు అక్కర్లేదు. పది రెట్లు తప్పకుండా ఉంటే మన గదులకు చాలు.

బకెట్ దగ్గరికే మళ్లీ వద్దాం. జనవరిలో ఢిల్లీ కుళాయి నీళ్లు చెయ్యి పెట్టలేనంత చల్లగా ఉంటాయి, పన్నెండు డిగ్రీలనుకోండి. అందరి గదుల్లోనూ ఒక ఇమ్మర్షన్ రాడ్డు ఉండేది. కరెంటు బిల్లు పంచుకునేటప్పుడు మా గదిలో గొడవ మొదలైంది. నల్గొండ నుంచి వచ్చినవాడు సగం బకెట్ నీళ్లు పొగలు కక్కేలా కాచి, మిగతా సగం చన్నీళ్లు కలుపుకునేవాడు. శ్రీకాకుళం వాడు బకెట్ నిండా పెట్టి గోరువెచ్చగా కాచుకునేవాడు.

"నువ్వు నిండు బకెట్ కాస్తున్నావు కదరా, కరెంటు నీకే ఎక్కువ కాలుతోంది. నేను సగమే కాస్తా."

"సగమే కాస్తావు గానీ మరగబెట్టేస్తున్నావు కదా మామా."

పుస్తకం తెరవకుండానే తేలే లెక్క ఇది. పదిహేను లీటర్లను పన్నెండు నుంచి నలభై రెండుకు తేవాలంటే పదిహేను ఇంటూ ముప్పై, నాలుగు వందల యాభై. ఏడున్నర లీటర్లను పన్నెండు నుంచి డెబ్బై రెండుకు కాచి చన్నీళ్లు కలిపితే ఏడున్నర ఇంటూ అరవై, అదీ నాలుగు వందల యాభై. దేన్ని నీటి విశిష్టోష్ణంతో గుణించినా ఒకే శక్తి వస్తుంది. నిజానికి నల్గొండ వాడికే కాస్త నష్టం. నీళ్లు ఎంత వేడెక్కితే ఆ చలిగదిలోకి అంత త్వరగా వేడి జారిపోతుంది, పైనుంచి ఆవిరీ ఎక్కువ పోతుంది. ఇద్దరూ బిల్లు సమానంగా పంచుకున్నారు.

ఆ లెక్క చేస్తుండగా నాకు ఇంకో సందేహం కలిగింది. మా ఓనరు మోటారు వేసిన ప్రతిసారీ కరెంటు ఎంత కాలుతోందో అని సణిగేవాడు. వెయ్యి లీటర్ల నీటిని పదిహేను మీటర్ల ఎత్తుకు లేపడానికి కావాల్సిన శక్తి ఎంత? ఎంజీహెచ్ అని నోరు తిరిగేలా వల్లెవేశాం కదా. వెయ్యి ఇంటూ 9.8 ఇంటూ పదిహేను: 1,47,000 జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. అంటే ట్యాంకు నిండా నీళ్లు నాలుగంతస్తుల పైకి చేరడానికి యూనిట్‌లో నాలుగు శాతం చాలు! ఇక ఒక్క బకెట్ వేణ్నీళ్లు: 15 ఇంటూ 4,186 ఇంటూ 30, దాదాపు 19 లక్షల జౌళ్లు. అర యూనిట్ దాటింది. ఒక మనిషి స్నానానికి కాచే నీళ్లకు, ఇంటిల్లిపాదికీ నీళ్లు ఎక్కించే పనికన్నా పదమూడు రెట్లు శక్తి కావాలి. చిన్న మోటారు తీసుకునే కరెంటులో పావు వంతే నీటికి అందుతుందనుకున్నా, మిగతాది వేడిగానూ చప్పుడుగానూ పోతుందనుకున్నా, బకెట్‌దే పైచేయి.

నాకు మొదట నమ్మకం కుదరలేదు. రెండుసార్లు చేసి చూశాను. తర్వాత దాన్ని ఇంకోలా రాసుకున్నాను: ఒక కిలో నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించే శక్తితో అదే నీటిని 427 మీటర్ల ఎత్తుకు లేపవచ్చు. మా డాబా మీద నుంచి చూస్తే దూరాన కనిపించే కుతుబ్ మీనార్ ఎత్తు 73 మీటర్లకు కొంచెం తక్కువ. అలాంటివి దాదాపు ఆరు, ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తు. అటునుంచి చూస్తే, నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. అంత ఎత్తు నుంచి నీళ్లు పడి ఆ పడిన ఊపంతా వేడిగా మారినా నీరు వేడెక్కేది డిగ్రీలో మూడో వంతు కూడా కాదు. చెయ్యి పెడితే తేడా తెలియదు. బరువు లేపడం మన ఒంటికి కష్టం కాబట్టి అదే పెద్ద పని అనుకుంటాం. వేడి చేయడం స్విచ్ వేస్తే అయిపోతుంది కాబట్టి చిన్న పనిలా కనిపిస్తుంది. ప్రకృతి లెక్క దానికి పూర్తిగా తలకిందులు. కరెంటు బిల్లు తగ్గాలంటే లైట్లు ఆర్పమని పోరే ఇళ్లలో గీజరు గంటల తరబడి వెలుగుతుండడం చూసినప్పుడల్లా నాకు ఆ 427 గుర్తొస్తుంది.

రాడ్డు 1500 వాట్లది. 19 లక్షల జౌళ్లను 1500తో భాగిస్తే ఇరవై ఒక్క నిమిషాలు. మేం గడియారంలో చూసినదీ ఇంచుమించు అంతే. ఇంత చక్కగా కలిసిన లెక్క ఇంకోటి గుర్తు లేదు. ఎందుకంటే ఇక్కడ పుస్తకం వదిలేయమన్నవి నిజంగానే వదిలేయదగ్గవి.

వదిలేయకూడనిది గోడ దగ్గర ఉంది. 1500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. చాలా గదుల్లో ఉండే చిన్న సాకెట్ ఆరు ఆంపియర్లకు చేసింది. చలికాలం రాగానే కుర్రాళ్లు కొనుక్కునే రెండు వేల వాట్ల బ్లోయరు దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. ఆరుకీ తొమ్మిదికీ తేడా మూడే కదా అనిపిస్తుంది. తీగలో పుట్టే వేడి మాత్రం విద్యుత్ ప్రవాహపు వర్గాన్ని బట్టి ఉంటుంది. తొమ్మిది వర్గం ఎనభై ఒకటి, ఆరు వర్గం ముప్పై ఆరు. వేడి రెండు రెట్ల పైనే. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రాడ్డు, బ్లోయరు రెండూ పెడితే పదిహేను ఆంపియర్లు, ఆరు రెట్ల పైన వేడి. ఆ వేడి తీగ పొడవునా సమానంగా పంచుకుపోదు. ప్లగ్గు పిన్ను వదులుగా కూర్చున్న చోట, స్క్రూ సడలిన చోట నిరోధం ఎక్కువ. అక్కడే పుడుతుంది. ఓమ్‌లో పదో వంతు నిరోధం పుస్తకంలో అయితే ఉపేక్షించేదే. తొమ్మిది ఆంపియర్లకు ఆ పదో వంతు దగ్గర ఎనిమిది వాట్లు, బియ్యపుగింజంత చోట. ప్లగ్గు గోధుమరంగుకు తిరిగి కాలిన వాసన రావడానికి అది చాలు. చేత్తో ముట్టుకుని ప్లగ్గు వెచ్చగా ఉందంటే వెంటనే తీసేయండి. రాడ్డు నీళ్లలో ఉండగా స్విచ్ ఆపకుండా వేలు పెట్టి చూడకండి. ఈ రెండూ పరీక్షలో రావు, అయినా ఇక్కడ రాయకుండా ఉండలేను.

మే నెలకు వద్దాం. కర్నూలులో మా తాతయ్యగారింట్లో వేసవిలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు. ఎండగాలి వాటిలోంచి వాసన వేసుకుంటూ చల్లగా వచ్చేది. ఢిల్లీ డెజర్ట్ కూలర్ ఆ తడికకు ఫ్యాను, చిన్న పంపు బిగించిన రూపం. మా గదికి అలాంటిది ఒకటి అద్దెకు తెచ్చుకున్నాం. విశాఖపట్నం నుంచి కొత్తగా చేరినవాడికి కూలర్ అలవాటు లేదు. సముద్రపు తేమలో అది పనిచేయదు కాబట్టి వాళ్లింట్లో ఎప్పుడూ కొనలేదు. మొదటి రాత్రే తలుపు, ఎదుటి కిటికీ బిగించేశాడు.

"తలుపు ఎందుకేశావురా?"

"చల్లగాలి బయటికి పోదా అన్నా?"

గంటలో గది ఆవిరి పట్టిన వంటిల్లులా తయారైంది. దుప్పట్లు తడితడిగా, చెమట ఆరకుండా.

ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 24 లక్షల జౌళ్లు కావాలి. ఇదే బాష్పీభవన గుప్తోష్ణం. ఆ శక్తిని నీరు తన చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది, అందుకే గాలి చల్లబడుతుంది. మా కూలర్ తొట్టి నలభై లీటర్లు, రాత్రి ఎనిమిది గంటల్లో ఖాళీ అయ్యేది. గంటకు ఐదు లీటర్లు. ఐదు ఇంటూ 24 లక్షలు, దాన్ని 3,600 సెకన్లతో భాగిస్తే 3,300 వాట్లు దాటుతుంది. ఒక టన్ను ఏసీ సామర్థ్యం 3,500 వాట్లు. ఆ టన్ను అనే మాట కూడా మంచుగడ్డల కాలం నాటిది. రెండు వేల పౌన్ల మంచు ఒక రోజులో కరుగుతూ లాగే వేడికి ఆ పేరు. అంటే రెండు వందల వాట్లు కూడా తాగని మా డొక్కు కూలర్, ఇంచుమించు ఒక టన్ను ఏసీ పని చేస్తోంది. దాని కూలి కరెంటు కాదు, నీళ్లు.

అయితే గాలి నీటి ఆవిరిని మోయడానికి ఒక హద్దుంది. 42 డిగ్రీల ఎండలో సాపేక్ష ఆర్ద్రత ఇరవై శాతం ఉన్నప్పుడు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 24 చూపిస్తుంది. కూలర్ ఎంత మంచిదైనా గాలిని అంతకన్నా కిందికి దించలేదు. సాధారణంగా ఆ తేడాలో ముప్పావు వంతు దింపుతుంది, అంటే 28 దగ్గరికి. హాయిగా నిద్రపడుతుంది. జులైలో వానలు మొదలయ్యాక 35 డిగ్రీలు, డెబ్బై శాతం తేమ. అప్పుడు తడి థర్మామీటరే 30 చూపిస్తుంది. కూలర్ 31కి తెచ్చి చేతులెత్తేస్తుంది, పైగా గదిలో తేమ పెంచుతుంది. తలుపు మూసిన గదిలో మావాడు చేసింది ఇదే. మే నెలలోనే తన చేత్తో గదిలోకి జులైని, ఒకరకంగా విశాఖపట్నాన్నీ తెచ్చిపెట్టాడు. కూలర్ బయటి ఎండుగాలిని పీల్చాలి, తడిసిన గాలి ఎదుటి కిటికీలోంచి పోవాలి. ఏసీ గదికి మూసిన తలుపు ఎంత అవసరమో కూలర్ గదికి తెరిచిన కిటికీ అంత అవసరం. బేర్ సరాయ్‌లో కిటికీ లేని గదులు చాలా ఉన్నాయి. గది చూడ్డానికి వెళ్లే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట, కూలర్ ఎక్కడ పెడతారని కాదు, గాలి ఎటునుంచి బయటికి పోతుందని అడగమని.

ఎండ సంగతి కూడా ఒక్క మాట. సందులు మూడు మీటర్ల వెడల్పు, ఇళ్లు పదిహేను మీటర్ల ఎత్తు. ఢిల్లీ అక్షాంశం 28.6 డిగ్రీలు కాబట్టి డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు 38 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. తూర్పు పడమరలుగా సాగే సందులో ఎదుటింటి నీడ దాటి ఎండ తగిలేది గోడ పైభాగాన రెండు మీటర్ల పైచిలుకు మేరకే. అంటే ఆఖరి అంతస్తు కిటికీకి మాత్రమే. కింద ఉన్నవాళ్లకు సంక్రాంతి దాటినా గదిలో ఎండ మొహం కనపడదు. అందుకే చలికాలం మధ్యాహ్నాలు ఊరు ఊరంతా పుస్తకాలు పట్టుకుని డాబాల మీదే ఉంటుంది. నీళ్లు సన్నగా వచ్చే మా నాలుగో అంతస్తుకు ఎండ మాత్రం పుష్కలం.

ఇప్పుడు చెప్పబోయేది బేర్ సరాయ్‌లో జరిగింది కాదు. 2024 జులై 27 సాయంత్రం ఢిల్లీలోనే ఓల్డ్ రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కింద, నేలమాళిగలో నడుస్తున్న లైబ్రరీలోకి వాన నీళ్లు దూసుకొచ్చి ముగ్గురు సివిల్స్ విద్యార్థులు చనిపోయారు. ఢిల్లీలో ఈ పిల్లలు లైబ్రరీ అనేది పుస్తకాలున్న చోటును కాదు. నెలకింత అని కుర్చీ అద్దెకిచ్చే చదువు గది అది. చోటు ఖరీదు కాబట్టి అవి నేలమాళిగల్లోకి దిగాయి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు ఎవరిదో తేల్చడం విచారణల పని. నేను కాగితం తీసుకుని తలుపు లెక్క చేశాను.

తొంభై సెంటీమీటర్ల వెడల్పు తలుపు. బయట నీళ్లు నిలిచాయి, లోపల ఇంకా లేవు. తలుపు నీళ్లవైపు తెరుచుకోవాలి. నీటి పీడనం పైన సున్నా, అడుగున ఎక్కువ, కాబట్టి సగటు తీసుకుంటాం. నీళ్లు తాకే వైశాల్యం కూడా లోతుతో పెరుగుతుంది. రెండూ లోతుతో పెరుగుతాయి కాబట్టి మొత్తం బలం లోతు వర్గాన్ని బట్టి ఉంటుంది. ముప్పై సెంటీమీటర్ల నీటికి తలుపు మీద నలభై కిలోల బరువంత బలం. అరవై సెంటీమీటర్లకు నూట అరవై కిలోలు. మీటరు లోతుకు నాలుగు వందల యాభై. మనం తలుపును అంచు దగ్గర నెడతాం, నీటి బలం మధ్యలో పనిచేస్తుంది, కాబట్టి భ్రామకం ప్రకారం మనం పెట్టాల్సింది అందులో సగం: ఇరవై, ఎనభై, రెండు వందల ఇరవై ఐదు.

ఇరవై కిలోలే కదా, నెట్టేయవచ్చు అనిపిస్తుంది. కానీ మనిషి దేని ఆసరాతో నెడతాడు? కాలికీ నేలకీ మధ్య ఉన్న ఘర్షణతో. తడిసిన టైల్స్ మీద ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, అరవై కిలోల మనిషి పద్దెనిమిది కిలోలకు మించి అడ్డంగా తోయలేడు. కాలు జారిపోతుంది. లోపల కూడా నీళ్లు చేరి నడుము దాకా వస్తే ఉత్ప్లవన బలం సగం బరువును మోసేస్తుంది, ఆ పద్దెనిమిదీ తొమ్మిదవుతుంది. ఎన్ని వందల లెక్కల్లో ఘర్షణను ఉపేక్షించామో తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరించింది. మోకాళ్లయినా మునగని ముప్పై సెంటీమీటర్ల నీళ్ల దగ్గరే ఒక్క మనిషి చేతికి తలుపు తప్పిపోతుంది. లోపలి నీళ్లు బయటి మట్టానికి సమానమైతే బలాలు చెల్లిపోయి తలుపు తెరుచుకుంటుంది. నేలమాళిగలో అంతదాకా ఆగడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. రెండు వందల చదరపు మీటర్ల గదిలోకి మీటరు వెడల్పున, అరమీటరు లోతున, సెకనుకు రెండు మీటర్ల వేగంతో నీళ్లు వచ్చాయనుకోండి. సెకనుకు వెయ్యి లీటర్లు. మీటరు ఎత్తుకు చేరడానికి మూడు నిమిషాల ఇరవై సెకన్లు. బ్యాగు సర్దుకోవడానికి, ఛార్జర్ తీసుకోవడానికి, పక్కవాణ్ని ఏమైందని అడగడానికి అందులో చోటు లేదు. చీలమండ తడిసినప్పుడే లేచి మెట్లెక్కాలి.

పోయిన వేసవిలో మా అక్క కొడుకు చదువుకోవడానికి ఢిల్లీ వెళ్లాడు. వాణ్ని దించడానికి నేనూ వెళ్లాను. గది దొరికాక చదువుకునే చోటు చూడ్డానికి ఒక మెట్ల దారి దిగాం. ఏసీ, వైఫై, కుర్చీకో లైటు, అన్నీ బాగున్నాయి. నేను మెట్లు లెక్కపెట్టాను, పద్నాలుగు. జేబులోంచి టేపు తీసి తలుపు వెడల్పు కొలిచాను.

"ఏం కొలుస్తున్నావు మావయ్యా?"

టేపు వాడి చేతికిచ్చాను. వాడు తలుపును ఒకసారి లాగి, ఒకసారి నెట్టి చూశాడు. అది బయటివైపు, మెట్ల గుంటలోకి తెరుచుకుంటుంది. వాడు ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి ఏదో కొట్టుకున్నాడు. తలెత్తి వీధివైపు చూశాడు. గడప, వీధి దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. మళ్లీ ఏదో కొట్టుకున్నాడు. తర్వాత పైకి వచ్చి, ఎదురుగా రెండో అంతస్తులో ఉన్న ఇంకో చదువు గది బోర్డు చూపించి, నెలకు మూడు వందలు ఎక్కువట, ఫర్వాలేదా అని అడిగాడు.